ఇటలీ ట్యాంకుల మర తుపాకి బ్రెదా 38ను గుర్తుపట్టడం ఎలా: సమగ్ర మార్గదర్శి

రెండవ ప్రపంచ యుద్ధ కాలపు ఇటలీ ట్యాంకు ఫొటో ఒకటి చేతికి వచ్చినప్పుడు, లేదా మ్యూజియం ఆవరణలో ఎండకు మాడుతూ నిలబడిన ట్యాంకు ఒకటి కనిపించినప్పుడు, అందులోని ఫిరంగి ఏదో చెప్పగలిగినవారు కూడా దాని పక్కన పొడుచుకొచ్చిన చిన్న గొట్టం దగ్గర తడబడతారు. ఆ గొట్టం చాలాసార్లు బ్రెదా మోడల్ 38 అనే మర తుపాకిది. ట్యాంకుల్లోనూ సాయుధ కార్లలోనూ బిగించడానికని ప్రత్యేకంగా తీర్చిన ఆయుధం ఇది. ఈ వ్యాసం ఉద్దేశం దాన్ని నడపడం నేర్పడం కాదు. ఫొటోలో, మ్యూజియంలో, లెక్కల పట్టికలో, స్కేలు మోడలులో దాన్ని సరిగా పోల్చుకొని, సరైన పేరుతో నమోదు చేయడం ఎలాగో వరుసగా చెప్పడం మాత్రమే.

ముందుగా పేరు విషయం. ఆంగ్లం మీదుగా వచ్చిన అలవాటుతో మనం దీన్ని "బ్రెడా" అని రాస్తుంటాం. ఇటాలియన్ భాషలో ఆ అక్షరం దంత్యమే కాబట్టి "బ్రెదా" అన్నదే అసలు పలుకుబడికి దగ్గర. తెలుగు లిపికి ఆ తేడా చూపే వెసులుబాటు ఉన్నప్పుడు వాడుకోకపోవడం అన్యాయమనిపించి ఇక్కడ ఆ రూపమే వాడుతున్నాను.

మొదటి మెట్టు: ఏ బ్రెదా అన్నది తేల్చుకోవడం

బ్రెదా అన్నది ఒక తుపాకి పేరు కాదు, ఎర్నెస్తో బ్రెదా స్థాపించిన పెద్ద పారిశ్రామిక సంస్థ పేరు. రైలింజన్ల నుంచి విమానాల వరకు తయారుచేసిన ఈ సంస్థకు మిలాన్ నగరం పుట్టిల్లు కాగా, ఆయుధాల కర్మాగారం బ్రెషియాలో ఉండేది. అందుచేత ఇటలీ సైన్యంలో "బ్రెదా" అనిపించుకొన్న ఆయుధాలు అరడజను దాకా ఉన్నాయి. ఏదైనా పుస్తకంలో "బ్రెదా మర తుపాకి" అని మాత్రమే రాసి ఉంటే, ఆ మాట వల్ల మనకు దాదాపు ఏమీ తెలియనట్టే.

వీటిని విడదీయడానికి మొదట కేలిబర్ (గొట్టం లోపలి వ్యాసం), ఆ తరువాత తూటాలు అందే పద్ధతి చూడాలి. బ్రెదా 30 అన్నది పదాతి దళపు తేలికపాటి మర తుపాకి. అది రైఫిల్‌లో వాడే 6.5 మిల్లీమీటర్ల తూటానే వాడుతుంది. దాని పెట్టె తుపాకికి కుడి పక్కన శాశ్వతంగా బిగించి ఉంటుంది. దాన్ని ఊడదీసి కొత్తది పెట్టడం కుదరదు, ముందుకు మడిచి 20 తూటాల పట్టీతో నింపాలి. బ్రెదా 37 అన్నది ముక్కాలి మీద నిలబెట్టే బరువైన మర తుపాకి. 8 మిల్లీమీటర్ల తూటాలు 20 చొప్పున అమర్చిన లోహపు పళ్లెం దానికి ఒక పక్కనుంచి లోపలికి వెళ్లి మరో పక్కనుంచి బయటికి వస్తుంది. బ్రెదా-సఫాత్ అన్నవి విమానాలకు చెందినవి, తూటాల బెల్టుతో నడిచేవి. బ్రెదా 20/65 అన్నది 20 మిల్లీమీటర్ల చిన్న ఫిరంగి. ఇక బ్రెదా 31 అన్నది 13.2 మిల్లీమీటర్ల భారీ మర తుపాకి. వీటి మధ్య మన బ్రెదా 38 గుర్తు ఒక్కటే: 8 మిల్లీమీటర్ల తూటా, తుపాకి నెత్తిన నిలువుగా నిలబడే 24 తూటాల మ్యాగజైన్ (తూటాల పెట్టె).

ఆ 24 అన్న అంకెను మనసులో పెట్టుకోండి. ఈ మార్గదర్శిలో మిగిలిన మెట్లన్నిటికీ అదే తాళంచెవి.

రెండవ మెట్టు: తుపాకి రూపం వెనక కారణం తెలుసుకోవడం

కారణం తెలిసిన రూపం గుర్తుంటుంది, తెలియనిది మరుసటి రోజుకే మరిచిపోతాం. కాబట్టి ఇక్కడ కొంచెం నిదానిద్దాం.

బ్రెదా 37, బ్రెదా 38 దగ్గరి చుట్టాలే. రెండూ పేలుడు వాయువు ఒత్తిడితో పనిచేసేవి, రెండూ గాలితో చల్లబడేవి, రెండిటికీ తూటా ఒకటే: 8 మిల్లీమీటర్ల వ్యాసం, 59 మిల్లీమీటర్ల పొడవైన గుల్ల ఉన్న బ్రెదా తూటా. అయితే బ్రెదా 37ది బయలు ప్రదేశంలో ముక్కాలి మీద, అటూ ఇటూ మనుషులు కూర్చునేందుకు చోటున్న పరిస్థితి. దాని పొడవు 1,270 మిల్లీమీటర్లు. తూటాల పళ్లెం పక్కనుంచి పక్కకు సాగుతుంది. కాల్చిన ఖాళీ గుల్లల్ని తుపాకి మళ్లీ అదే పళ్లెంలో పొందికగా అమర్చి బయటికి పంపుతుంది. చూడడానికి ముచ్చటైన యంత్రాంగమే కానీ, మళ్లీ నింపేముందు ఆ ఖాళీ గుల్లలన్నిటినీ ఎవరో ఒకరు ఏరి పారేయాలి.

ఇప్పుడు దీన్ని ట్యాంకులో ఊహించండి. ఎడమ వైపు ఫిరంగి, కుడి వైపు ఉక్కు గోడ, మధ్యలో ఒక మనిషి భుజాలు. పళ్లెం లోపలికి పోవడానికి ఒక జానెడు, బయటికి రావడానికి మరో జానెడు ఖాళీ స్థలం అక్కడ ఎక్కడ దొరుకుతుంది? పైగా ఇటలీ ట్యాంకుల్లో రెండు మర తుపాకుల్ని పక్కపక్కనే జంటగా బిగించడం రివాజు. ఒకదాని పళ్లెం పోయి రెండోదాని పక్కటెముకలకు తగులుతుంది. అందుకే ట్యాంకు తుపాకికి తూటాలు పక్కనుంచి కాక పైనుంచి అందాలి. బ్రెదా 38 మీద మ్యాగజైన్ నిలువుగా కూర్చోవడానికి తర్కం ఇదే.

రెండో తేడా వెనక భాగంలో కనిపిస్తుంది. బ్రెదా 37 వెనక రెండు చేతులతో పట్టుకొనే జంట పిడులు ఉంటాయి. బ్రెదా 38కి ఆ జంట పిడులు లేవు. ఒక చేత్తో పట్టి ట్రిగ్గర్ నొక్కడానికి వీలైన పిస్టల్ పిడి ఒకటే ఉంటుంది. భుజానికి ఆనించే కర్ర మడమ కూడా లేదు, ఎందుకంటే తుపాకి బరువును, అదురును ట్యాంకు కవచమే మోస్తుంది. ఇలా కత్తిరించగా పొడవు 897 మిల్లీమీటర్లకు, బరువు సుమారు 16 కిలోలకు దిగాయి. బ్రెదా 37 ఒక్క తుపాకే, ముక్కాలి కాకుండా, 19 కిలోలు దాటుతుంది.

ఇక వేగం. కాగితం మీద బ్రెదా 38 నిమిషానికి 600 తూటాలు కాల్చగలదు. అంటే సెకనుకు పది. మ్యాగజైన్‌లో ఉన్నవి 24. ట్రిగ్గర్ పట్టి ఉంచితే 2.4 సెకన్లలో పెట్టె ఖాళీ! ఈ ఒక్క లెక్కతో ఈ తుపాకి బలహీనత ఏమిటో బోధపడుతుంది. అదే కాలంలో బ్రిటిష్ ట్యాంకుల్లోని బీసా మర తుపాకికి 225 తూటాల బెల్టు ఉండేది, అమెరికన్ ట్యాంకుల్లోని బ్రౌనింగ్‌కు 250 తూటాల బెల్టు, సోవియట్ ట్యాంకుల్లోని దెగ్త్యారోవ్‌కు అరవై పైచిలుకు తూటాల గుండ్రటి పళ్లెం. ట్యాంకులో మర తుపాకి ముఖ్యమైన పని శత్రువుల తలలు పైకి లేవకుండా నిప్పులు ఎడతెగక కురిపించడం. ప్రతి రెండున్నర సెకన్ల కాల్పులకు ఒకసారి ఆగి, పెట్టె తీసి, పెట్టె పెట్టాల్సిన తుపాకి ఆ పనికి పూర్తిగా సరిపోదు. చోటు సమస్యకు చక్కటి పరిష్కారం చూపిన రూపకర్తలు కాల్పుల కొనసాగింపును దానికి మూల్యంగా చెల్లించారన్నది నా అభిప్రాయం.

దీనికి మరో చిక్కు తోడైంది. ఇటలీ పదాతి దళపు రైఫిళ్లు 6.5 మిల్లీమీటర్లవి, 1938లో 7.35 మిల్లీమీటర్ల రైఫిల్‌ను కూడా ప్రవేశపెట్టారు. బరువైన మర తుపాకులు, ట్యాంకు మర తుపాకులు 8 మిల్లీమీటర్లవి. అంటే ట్యాంకులో తూటాలు నిండుకుంటే పక్కనున్న రైఫిల్ సైనికుడి సంచిలోనివి పనికిరావు. ఫొటోలో చెల్లాచెదురుగా పడిన తూటా గుల్లలు కనిపించినప్పుడు, వాటి కేలిబర్ కనుక్కునే అవకాశం ఉంటే, ఈ తేడా మీకు సాక్ష్యంగా పనికొస్తుంది.

మూడవ మెట్టు: తుపాకిని కాదు, ముందు బండిని గుర్తుపట్టడం

కొత్తవారు చేసే మొదటి పొరపాటు ఫొటోను పెద్దది చేసి గొట్టం చివర వైపు కళ్లు చికిలించడం. దానివల్ల ప్రయోజనం తక్కువ. ట్యాంకులో బిగించిన బ్రెదా 38లో బయటికి కనిపించేది జానెడు గొట్టం మాత్రమే. మ్యాగజైన్, పిడి, ట్రిగ్గర్ అన్నీ కవచం లోపలే ఉండిపోతాయి. కాబట్టి ముందు బండి ఏదో తేల్చండి. తుపాకి పేరు చాలావరకు దానంతట అదే వస్తుంది.

ఇటలీ వారి పేర్లు ఇందుకు ఎంతో సాయం చేస్తాయి. అక్షరం బరువు తరగతిని చెబుతుంది: ఎల్ అంటే తేలిక, ఎం అంటే మధ్యస్థం, పి అంటే బరువు. మొదటి అంకె సుమారు టన్నులు, గీత తరువాతి అంకె సంవత్సరం. ఎం 13/40 అంటే సుమారు 13 టన్నుల తరగతికి చెందిన, 1940 నాటి మధ్యస్థ ట్యాంకు. సాయుధ కార్లకు ఏబీ అన్న అక్షరాలు వాడారు.

ఎం 13/40 నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే ఉత్తర ఆఫ్రికా ఫొటోల్లో ఎక్కువగా ఎదురయ్యేది అదీ, దాని తమ్ముడు ఎం 14/41. టరెట్‌లో (చుట్టూ తిరిగే పై గదిలో) 47 మిల్లీమీటర్ల ఫిరంగి, దాని పక్కనే అదే దిశలో చూసే ఒక బ్రెదా 38. కిందకు, డ్రైవరు పక్కకు రండి: ట్యాంకు ముందు భాగంలో, డ్రైవరుకు కుడి వైపున, ఒకే గుండ్రటి బంతి బిగింపులో పక్కపక్కనే రెండు గొట్టాలు. అవి జంట బ్రెదా 38లు. ఇవి కాక టరెట్ పైన విమానాల మీదికి కాల్చడానికి మరొకదాన్ని బిగించుకొనే ఏర్పాటు ఉండేది. ఈ నాలుగో తుపాకి కనిపించే ఫొటో దొరికితే అదృష్టమే, ఎందుకంటే ఆ ఒక్క చోటే నెత్తిన మ్యాగజైన్‌తో సహా ఆయుధమంతా బయటికి కనిపిస్తుంది.

దానికి ముందు వచ్చిన ఎం 11/39లో అమరిక తలకిందులు. అక్కడ 37 మిల్లీమీటర్ల ఫిరంగి టరెట్‌లో కాకుండా ముందు భాగంలో కుడి వైపున బిగించి ఉంటుంది. టరెట్‌లో ఉన్నవి జంట బ్రెదా 38లు మాత్రమే. అంటే చుట్టూ తిరగగలిగిన టరెట్‌కు మర తుపాకులు, తిరగలేని ముందు భాగానికి ఫిరంగి! శత్రు ట్యాంకు పక్కకు వస్తే ట్యాంకు మొత్తాన్ని తిప్పుకోవాల్సిందే. పైగా టరెట్‌లో ఒక్క మనిషే ఉండి రెండు తుపాకుల మ్యాగజైన్లు మార్చుకోవాలి. ఫొటోలో టరెట్ నుంచి రెండు సన్న గొట్టాలు మాత్రమే వచ్చి, కింద పక్కన లావు గొట్టం ఉంటే అది ఎం 11/39.

ఎల్ 6/40 తేలిక ట్యాంకులో 20 మిల్లీమీటర్ల బ్రెదా ఫిరంగి పక్కన ఒక బ్రెదా 38 ఉంటుంది. ఇక్కడ రెండు గొట్టాలూ బ్రెదావే కాబట్టి "బ్రెదా" అని మాత్రమే రాసిన శీర్షికలు పాఠకుణ్ణి ముప్పుతిప్పలు పెడతాయి. ఏబీ 41 సాయుధ కారుకు కూడా ఇదే టరెట్ వాడారు. దానికి అదనంగా వెనక వైపు చూసే మరో బ్రెదా 38 ఉంది. ఆ కారుకు ముందొకటి వెనకొకటి చొప్పున రెండు డ్రైవింగ్ స్థానాలున్నాయి, వెనక్కి తిరగకుండానే పారిపోవచ్చు. వెనక తుపాకి ఉండడంలోని ఆంతర్యం అదే. దానికన్నా ముందటి ఏబీ 40లో ఫిరంగి లేదు, టరెట్‌లో జంట బ్రెదా 38లు, వెనక ఒకటి. ఇక పి 26/40 బరువు ట్యాంకులో 75 మిల్లీమీటర్ల ఫిరంగి పక్కన కూడా ఇదే తుపాకి.

రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఎల్ 3 అనే చిన్న బండ్లను చూడగానే బ్రెదా 38 అని రాసేయకూడదు. ఎల్ 3/33లో ఉన్నది ఒక 6.5 మిల్లీమీటర్ల ఫియట్ మర తుపాకి. ఎల్ 3/35లో జంట 8 మిల్లీమీటర్ల ఫియట్ మర తుపాకులు. తరువాత వచ్చిన ఎల్ 3/38 రకంలో బ్రెదా 38 జంట ఉంటుంది. మూడూ చూపుకు దగ్గరి పోలికతో ఉంటాయి. అలాగే 75 మిల్లీమీటర్ల ఫిరంగి మోసే 75/18 స్వయంచాలిత ఫిరంగి బండ్లలో మొదట్లో 6.5 మిల్లీమీటర్ల బ్రెదా 30 ఉండేది, తరువాతి వాటికి బ్రెదా 38 వచ్చింది. ఈ రెండు సందర్భాల్లోనూ మ్యాగజైన్ కనిపించనిదే నిర్ధారణ చేయకండి: నెత్తిన నిలబడితే 38, కుడి పక్కకు ఉంటే 30.

నాలుగవ మెట్టు: 24తో భాగించి సరిచూడటం

ఈ చిట్కా నాకు ఎంతో ఇష్టమైనది. ట్యాంకు వివరాల పట్టికల్లో "మర తుపాకి తూటాలు" అన్న వరస ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చూసీ చూడనట్టు దాటేస్తారు. తూటాలు మ్యాగజైన్ల రూపంలోనే ట్యాంకులోకి ఎక్కుతాయి కాబట్టి ఆ సంఖ్య 24తో శేషం లేకుండా భాగింపబడాలి.

ఎం 13/40కి 3,048 తూటాలు అని ఉంటుంది. 24తో భాగిస్తే సరిగ్గా 127 మ్యాగజైన్లు. ఎం 11/39కి 2,808, భాగిస్తే 117. ఎల్ 6/40కి 1,560; భాగిస్తే 65. ఏబీ 41కి 1,992, భాగిస్తే 83. శేషం ఎక్కడా మిగలదు. మీ చేతిలో ఉన్న పట్టికలో సంఖ్య ఇలా తెగకపోతే మూడింటిలో ఒకటి జరిగి ఉండాలి: ఆ బండిలో ఉన్నది బ్రెదా 38 కాదు, లేదా రెండు రకాల తుపాకుల తూటాలు కలిపి కూడారు, లేదా నకలు చేసేటప్పుడు ఎవరో అంకె తప్పు రాశారు. ఏది జరిగిందో ఈ లెక్క చెప్పదు కానీ, ఎక్కడ అనుమానించాలో వేలెత్తి చూపుతుంది. తిరగేసి మాత్రం వాడకూడదు: 24తో తెగినంత మాత్రాన అది బ్రెదా 38 అని రుజువు కాదు, యాదృచ్ఛికంగా తెగే సంఖ్యలు ఎన్నో ఉంటాయి.

లెక్కను ఇంకొంచెం సాగదీస్తే లోపలి జీవితం కూడా కళ్లకు కడుతుంది. సెకనుకు పది చొప్పున ఆపకుండా కాలిస్తే ఎం 13/40లోని 3,048 తూటాలూ ఒక తుపాకికి అయిదు నిమిషాల పైచిలుకు వస్తాయి. కానీ ఆ అయిదు నిమిషాల కాల్పుల కోసం ఎవరో ఒకరు 127 సార్లు మ్యాగజైన్ మార్చాలి. టరెట్‌లో ఇద్దరే మనుషులు. ఒకరు గురిచూసేవాడు, ట్యాంకు నాయకుడు కూడా అతనే. రెండోవాడు ఫిరంగికి గుండు అందించేవాడు, మర తుపాకి పెట్టె మార్చేవాడు. ఎడారి ఎండలో, ఉక్కు పెట్టెలో, పొగలో ఈ పని చేసినవారి సంగతి ఆలోచిస్తే, వివరాల పట్టికలోని సంఖ్య పొడి సంఖ్యగా మిగలదు.

అయిదవ మెట్టు: స్థలం, తేదీ, గుర్తులు చూడటం

బండి ఏదో తెలిసినా, ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న. 1941 జనవరిలో తొబ్రూక్ ముట్టడి సమయంలో ఆస్ట్రేలియా 6వ డివిజన్ అశ్విక దళం స్వాధీనం చేసుకొన్న ఎం 11/39, ఎం 13/40 ట్యాంకుల మీద పెద్ద పెద్ద తెల్ల కంగారూలను చిత్రించి వాడింది, తమవారే తమను కాల్చకుండా. కాబట్టి కంగారూ కనిపించినంత మాత్రాన అది బ్రిటిష్ ట్యాంకు, అందులోది బీసా అని రాసేయకండి. తుపాకి బ్రెదా 38యే.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. 1940 డిసెంబరు 9న ఈజిప్టులోని నిబైవా శిబిరం మీద దాడి చేసింది 4వ భారత డివిజన్, దానికి తోడుగా మటిల్డా ట్యాంకుల బ్రిటిష్ రెజిమెంటు. శిబిరం వెలుపల నిలిపి ఉన్న ఎం 11/39 ట్యాంకులు యుద్ధానికి సిద్ధమయ్యేలోపే నాశనమయ్యాయి. ఇటలీ దళ నాయకుడు జనరల్ పియెత్రో మలెత్తి అక్కడే మరణించాడు. తరువాత అదే డివిజన్ ఎరిత్రియాలోని కెరెన్ కొండల దగ్గర పోరాడింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో సైనికుల్ని చేర్చుకొన్న మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీరింగ్ దళంలో తెలుగువారూ ఉండేవారు. ఆ దళపు కంపెనీలు ఆఫ్రికా యుద్ధరంగంలో పనిచేశాయి. అందుచేత మన ఇళ్లలోని పాత ట్రంకు పెట్టెల్లో, "మిడిల్ ఈస్ట్" అని వెనక రాసి ఉన్న ఫొటోలో, విరిగిన ట్యాంకు మీద చేయి వేసి నిలబడిన తాతయ్య కనిపించడం అసంభవమేమీ కాదు. అటువంటి ఫొటో ఉంటే ముందు వెనక వైపు స్కాన్ చేయండి. ముద్ర, తేదీ, స్టూడియో పేరు ఏది దొరికినా గొట్టం ఆకారం కంటే ఎక్కువ చెబుతుంది.

నెత్తిన మ్యాగజైన్ ఉన్న తుపాకిని మనవాళ్లెవరైనా పట్టుకొని ఉంటే అది బ్రెదా 38 అని తొందరపడవద్దు, అది బ్రిటిష్ సైన్యపు తేలికపాటి మర తుపాకి బ్రెన్ కావడానికే అవకాశం ఎక్కువ. బ్రెన్ మ్యాగజైన్ కొడవలిలా స్పష్టంగా ముందుకు వంగి ఉంటుంది, భుజానికి ఆనించే కర్ర మడమ ఉంటుంది, గొట్టం కింద రెండు కాళ్ల ఊత ఉంటుంది. బ్రెదా 38కి కర్ర మడమ లేదన్న సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది.

ఆరవ మెట్టు: మ్యూజియంలో

ఈజిప్టులో ఎల్ అలమైన్ సైనిక మ్యూజియం ఆవరణలోనూ, రష్యాలో కుబింకా ట్యాంకుల సంగ్రహంలోనూ ఇటలీ బండ్లు ఉన్నాయి. కుబింకాలోని ఎల్ 6/40 ప్రసిద్ధమైనది. ఇలాంటి చోటికి వెళ్లినప్పుడు ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి: మ్యూజియం ట్యాంకుల్లో మర తుపాకులు చాలాసార్లు అసలువి కావు. ఆయుధాన్ని ఎప్పుడో తీసేసి, ఖాళీ రంధ్రంలో నీటి పైపు ముక్క బిగించి రంగు పూసి ఉంటారు. కాబట్టి గొట్టం చివర కొలతలు తీసి వాటి మీద సిద్ధాంతాలు కట్టకండి.

దానికి బదులు బిగింపును చూడండి. బంతి బిగింపులో రంధ్రాలు ఒకటా రెండా, అది ఫిరంగికి ఏ పక్కన ఉంది, రెండు రంధ్రాల మధ్య ఎడం ఎంత, టరెట్ పైన విమాన నిరోధక తుపాకి కోసం వేసిన ఊత మిగిలి ఉందా అన్నవి తుపాకి పోయినా నిలిచే సాక్ష్యాలు. ఫొటోలు ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, కింది నుంచి పైకి ఒకటి తీయండి. లోపలికి చూసే అవకాశం ఇస్తే, గోడల వెంబడి మ్యాగజైన్లు నిలబెట్టే అరలు ఉన్నాయేమో వెతకండి. ఒక అరలో ఎన్ని పట్టేవో లెక్కపెడితే నాలుగవ మెట్టులోని భాగహారాన్ని మీ కళ్లతోనే సరిచూసుకోవచ్చు. అడగకుండా ట్యాంకు ఎక్కకండి. తుప్పుపట్టిన ఉక్కు అంచులు కత్తుల్లా ఉంటాయి. ఎల్ అలమైన్ చుట్టుపక్కల ఎడారిలో పేలని మందుపాతరలు నేటికీ ఉన్నాయి కాబట్టి మ్యూజియం దాటి "అసలు యుద్ధభూమి చూద్దాం" అని నడవడం ప్రాణాంతకం.

ఏడవ మెట్టు: స్కేలు మోడలులో

హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటూ ప్లాస్టిక్ మోడళ్లు చేసే తెలుగువారి కోసం ఈ నాలుగు మాటలు. 1/35 స్కేలులో బ్రెదా 38 మొత్తం పొడవు 25.6 మిల్లీమీటర్లు రావాలి, 1/48లో 18.7, 1/72లో 12.5. మీ కిట్టులో టరెట్ పైన బిగించమని ఇచ్చిన తుపాకి 1/35లో 36 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే అది బ్రెదా 37 కొలత, పెట్టె మీద ఏమి రాసి ఉన్నా సరే. నెత్తిన మ్యాగజైన్, వెనక ఒకే పిడి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

గొట్టం చివర తొలచడం విషయంలో అతిగా పోనవసరం లేదు. 8 మిల్లీమీటర్ల రంధ్రం 1/35లో 0.23 మిల్లీమీటర్లు, అంత సన్నని డ్రిల్లు ముక్కు చేతిలోనే విరుగుతుంది. 0.3తో తొలచినా ఎవరూ తప్పుపట్టరు, పట్టినవాడికి మీ టీ ఇవ్వకండి. రంగు వెండి కాదు: నలుపులో కొంచెం ముదురు బూడిద కలిపి పూసి, ఆరాక పెన్సిలు గ్రాఫైట్‌ను వేలితో అంచుల మీద రుద్దితే పాత ఉక్కు మెరుపు వస్తుంది. ఎడారి ట్యాంకు అయితే ఇసుక రంగు దుమ్ము గొట్టం మీద పలచగా పట్టనివ్వాలి, కానీ చివర మసి కనిపించాలి. హల్‌లోని (ట్యాంకు కింది ప్రధాన భాగంలోని) జంట గొట్టాలు ఒకే బిగింపులో ఉన్నవి కాబట్టి రెండూ ఎప్పుడూ ఒకే దిశలో చూడాలి; ఒకటి అటు, మరొకటి ఇటు చూసేలా అతికించిన మోడళ్లు పోటీల బల్లల మీద కూడా కనిపిస్తుంటాయి.

చివరి మెట్టు: వివరణ రాయడం

గుర్తుపట్టిన తరువాత దాన్ని రాసి పెట్టే పద్ధతిలోనే సగం నాణ్యత ఉంది. చూసినదాన్ని, ఊహించినదాన్ని కలిపి రాయకండి. మొదట బండి పేరు, తరువాత తుపాకి ఉన్న స్థానం, తరువాత నిర్ధారణ దేనివల్ల వచ్చింది అన్నది రాయాలి. టరెట్ మీద మ్యాగజైన్ కంటికి కనిపించిన ఫొటోకు "బ్రెదా 38" అని ధైర్యంగా రాయవచ్చు. గొట్టం మాత్రమే కనిపిస్తే ఇలా రాయండి: "ఎం 13/40 ట్యాంకు, హల్ కుడి వైపున జంట మర తుపాకులు, బండి రకాన్ని బట్టి బ్రెదా 38, 8 మిల్లీమీటర్లు, టరెట్ పైన విమాన నిరోధక తుపాకి లేదు." ఎల్ 3 బండి అయితే, 35, 38లలో ఏదో తేలనప్పుడు "ఎల్ 3 రకం, జంట మర తుపాకులు" అని రాసి అక్కడితో కలం ఆపండి.